స్లిప్పర్ ఆర్కిడ్: పువ్వు చెప్పేదెంత, చీటీ చెప్పేదెంత

కుండీలో గుచ్చిన చీటీ పోయిన సంకర స్లిప్పర్ ఆర్కిడ్‌కు పువ్వు చూసి పేరు చెప్పవచ్చని చాలామంది నమ్మకం. ఈ మొక్కల సంకరీకరణ చరిత్ర చూస్తే ఆ నమ్మకం ఒక తరం వరకే నిలుస్తుంది. మనుషులు చేసిన ఆర్కిడ్ సంకరాల్లో తొలిసారి పూసింది కలాంథే డొమినియై. ఇంగ్లండ్‌లో వీచ్ నర్సరీలో పనిచేసిన జాన్ డొమినీ దాన్ని 1856లో పూయించాడు. ఎక్సెటర్ వైద్యుడు జాన్ హారిస్ ఇచ్చిన సలహాతోనే ఆయన ఆ పనికి దిగాడు. ఆ సంకరాన్ని చూసి, ఇక వృక్షశాస్త్రజ్ఞులకు పిచ్చెక్కడం ఖాయమని వృక్షశాస్త్రజ్ఞుడు జాన్ లిండ్లీ అన్నట్టు చెబుతారు. డొమినీయే విల్లోసమ్, బార్బేటమ్ అనే జాతులను కలిపి పెంచిన స్లిప్పర్ ఆర్కిడ్ 1869లో పూసింది. దానికి ఆ వైద్యుడి పేరిట హారిసియానమ్ అని పేరు పెట్టారు.

తొలి తరం సంకరాల్లో తల్లిదండ్రుల పోలికలు పట్టుకోవడం కష్టం కాదు. అస్సాం ప్రాంతపు స్పైసెరియానమ్‌నే తీసుకోండి. దాని పై రేకు తెల్లగా, అంచులు వెనక్కి మడుచుకుని ఉంటుంది. మధ్యలో నిలువుగా ఒక ముదురు ఊదా చార. ఖాసీ కొండల ఇన్‌సిగ్నేకు అదే రేకు పసుపుపచ్చగా, గోధుమరంగు మచ్చలతో ఉండి, తెలుపు పైఅంచుకే పరిమితమవుతుంది. ఈ రెండింటి సంతానం లీయానమ్. దాని రేకులో తెలుపు బాగా విస్తరిస్తుంది, నడిమి చార నిలుస్తుంది, మచ్చలు దాని పక్కన చేరతాయి. చెప్పు ఆకారపు సంచి పైన, పువ్వు నడుమ ఉండే వంధ్య కేసరం ఆకారం కూడా గట్టి ఆధారమే. అనుభవజ్ఞుల కంటికి ఇవన్నీ ఆనవాళ్లే కదా అంటే, ఇంతవరకు ఒప్పుకోవలసిందే. అయితే ఆ ఆనవాలు ఇక్కడ స్పైసెరియానమ్ రక్తం ఉందని మాత్రమే చెబుతుంది. ఎన్ని తరాల కింద కలిసిందో, మిగతా పూర్వీకులెవరో చెప్పదు. ఇన్‌సిగ్నే, స్పైసెరియానమ్, విల్లోసమ్‌లను వాటి సంతానంతో మళ్లీ మళ్లీ కలిపి పెంచిన గుండ్రటి పెద్ద పువ్వుల్లో ఒకే పోలిక డజన్ల వంశాల్లో కనబడుతుంది.

పేర్ల గందరగోళం అంతకుముందే మొదలైంది. ఒకే జంటను వేర్వేరు తోటల్లో కలిపినవాళ్లు ఎవరి పేరు వాళ్లు పెట్టుకునేవారు. వృక్షశాస్త్రజ్ఞుడు ఫిట్జర్ 1886లో ఈ స్లిప్పర్ ఆర్కిడ్లను పాఫియోపెడిలమ్ ప్రజాతిగా వేరుచేశాక కూడా తోటలవాళ్లు చాలాకాలం సిప్రిపీడియం అనే రాశారు. ఈ గందరగోళానికి విరుగుడుగా 1906లో శాండర్ నర్సరీ సంకరాల జాబితా వచ్చింది. 1961 నుంచి నమోదు బాధ్యత బ్రిటన్ రాయల్ హార్టికల్చరల్ సొసైటీది. సూత్రం సులువే: ఒక జంట సంతానమంతటికీ ఒకే పేరు, ఏది తల్లయినా, ఏది తండ్రయినా. దాన్నే గ్రెక్స్ అంటారు. దానిలో ఎంచిన ఒక మొక్కకు, దాని పిలకలకు విడిగా క్లోన్ పేరు. గ్రెక్స్ పేరు వంశాన్ని చెబుతుంది, రూపానికి హామీ ఇవ్వదు. మాడియే ఇందుకు మంచి ఉదాహరణ. కాలోసమ్, లారెన్సియానమ్‌లలో ఎరుపు వర్ణకం లేని మొక్కలను కలిపి పెంపకందారు చార్ల్స్‌వర్త్ 1900లో వెలుగులోకి తెచ్చిన ఈ సంకరం ఆకుపచ్చ, తెలుపు రంగుల్లో పూస్తుంది. అవే జాతుల్లో మామూలు రంగు మొక్కలను కలిపితే ఊదా చారలు, బాగా ముదురు మొక్కలను కలిపితే ద్రాక్షసారాయి రంగు. ఇవన్నీ మాడియేలే! 1922లో శాస్త్రవేత్త నడ్సన్ శిలీంధ్రం సాయం లేకుండా పోషక మాధ్యమంలో ఆర్కిడ్ విత్తనాలను మొలిపించే పద్ధతి ప్రకటించాక ఒక్క కాయ నుంచి వందల మొక్కలు పెంచడం వీలైంది. ఒకే పేరు కింద తేడాలూ ఆ మేరకు పెరిగాయి.

క్లోన్ సంగతేమిటి, అది అచ్చం ఒకటే కదా అనవచ్చు. జన్యువుల వరకు నిజమే. 1960లో శాస్త్రవేత్త మోరెల్ సింబిడియం ఆర్కిడ్లను మొగ్గ కణజాలం నుంచి పెంచి చూపాక చాలా ఆర్కిడ్లు వేలల్లో అచ్చుపడ్డాయి. పాఫియోపెడిలమ్ ఆ పద్ధతికి అంతగా లొంగలేదు, పిలకలు విడదీయడమే ప్రధాన మార్గం. కానీ ఆ పిలకే మొదటి పూతలో చిన్న పువ్విస్తుంది, బలపడ్డాక పెద్దదిస్తుంది. మొగ్గ విచ్చే రోజుల్లో వేడి ఎక్కువైతే రంగు తగ్గుతుంది. ఒకే ఏడాది రెండు ఇళ్లలో పూసిన ఒకే క్లోన్‌ను వేరనుకోవడం, రెండు తోబుట్టువులను ఒకటే అనుకోవడం రెండూ సాధ్యమే. ఇంతకంటే పెద్ద చిక్కు మరొకటి. బహుమతి పొందిన క్లోన్‌ను దాని పుప్పొడితోనే ఫలదీకరిస్తే పుట్టే మొలకలకు గ్రెక్స్ పేరు చెల్లుతుంది, క్లోన్ పేరు చెల్లదు. ఈ తేడా అమ్మకాల్లో చెరిగిపోతే క్లోన్ పేరుకు విలువే ఉండదు. చిత్రకారిణి నెల్లీ రాబర్ట్స్ 1897 నుంచి 1953 వరకు రాయల్ హార్టికల్చరల్ సొసైటీ కోసం బహుమతి పొందిన పూలను చిత్రించడం అందుకే అలంకారప్రాయం కాదు. పోల్చి చూసుకోవడానికి అవి సాక్ష్యాలు.

డీఎన్ఏ పరీక్షలు వచ్చాక ఈ వాదన చెల్లదనేవారికి ఒక జవాబుంది. రెండు మొక్కలు ఒకే క్లోనా కాదా అన్నది, సరిచూసుకునే అసలు మొక్క దొరికితే, డీఎన్ఏ చెప్పగలదు. హరితరేణువుల డీఎన్ఏ సాధారణంగా తల్లి వైపు నుంచే వస్తుంది కాబట్టి తల్లి వంశం తెలుస్తుంది. చీటీలో రాసిన తల్లిదండ్రులు తప్పని తేల్చడమూ సాధ్యమే. నమోదు సైతం పెంపకందారు మాట మీదే జరుగుతుంది కనుక ఆ పరీక్ష అవసరం కూడా. అయినా పలు తరాలు కలిసిన మొక్కకు నమోదైన పేరేదో పోలిక మొక్కలు లేకుండా ఏ పరీక్షా తేల్చదు. చీటీ పోయిన మొక్కకు ఊహతో పేరు రాయకండి. 'పేరు తెలియని సంకరం' అని రాసి, ఎవరి దగ్గర, ఏ సంవత్సరం కొన్నారో కింద చేర్చండి.