అట్టటోపీ గాజుబంతి

థ్రిఫ్ట్ స్టోరు అంటే దానంగా వచ్చిన పాతసామాను చవకగా అమ్మే దుకాణం. న్యూజెర్సీలో మా ఇంటికి దగ్గరగా ఉన్న ఇటువంటి దుకాణంలో క్రిస్మసు అలంకరణలు అక్టోబరులోనే అరలకెక్కుతాయి. చిక్కుపడిన దీపాల తీగలు, కొమ్మలూడిన ప్లాస్టిక్ చెట్లు, చెయ్యి విరిగిన పింగాణీ శాంటాలు. వాటిలో ముప్పాతిక భాగం కొనదగినవి కావు. ఈ మాట ముందే ఒప్పుకోవడం మంచిది. పాతసామాను మీద మోజున్నవాళ్ళం పాతదల్లా పసిడి అన్నట్లు మాట్లాడుతూంటాం. నేను వెదికేవి గాజుబంతులు మాత్రమే. పలుచని గాజును ఊది, లోపల వెండిపూత పూసి, పైన రంగువేసి చెట్టుకు వేలాడదీసేవి.

కొన్నేళ్ళ క్రితం ఒక సాయంత్రం అక్కడ రెండు డాలర్లకు ఒక అట్టపెట్టె దొరికింది. మూత మీద అంకుల్ శామ్, శాంటాక్లాజు చేతులు కలుపుకుంటున్న బొమ్మ. లోపల గళ్ళలో పన్నెండు బంతులు. కొక్కెం తగిలించడానికి బంతి మెడకు ఒక చిన్న టోపీ ఉంటుంది. పదింటికి అది లోహానిది, దాని మీద 'షైనీ బ్రైట్' అనీ 'మేడిన్ యు.ఎస్. ఆఫ్ ఏ.' అనీ అచ్చు. మిగిలిన రెండింటి తీరు వేరు. వెండిపూత లేదు. అవతలి వస్తువు కనిపించే ఉత్త గాజు, చుట్టూ సన్నని రంగుగీతలు, టోపీకి బదులు అట్టముక్క. పగిలినవాటి స్థానంలో ఎవరో నాసిరకం తెచ్చి గళ్ళు నింపారనుకున్నాను. నా అంచనా తప్పని తెలియడానికి కొన్ని వారాలు పట్టింది.

అంత చిన్న టోపీ మీద అమెరికాలో చేసినదని చాటుకోవలసిన అవసరమేమిటి? అవి అంతకుముందు అమెరికావి కావు గనుక.

జర్మనీలో థురింజియా కొండల నడుమ లౌషా అని ఒక ఊరుంది. 1597 నుంచి గాజుపని చేస్తున్న ఊరు. పందొమ్మిదో శతాబ్దం మధ్యకాలానికి అక్కడివారు క్రిస్మసు చెట్టు కోసం గాజుబంతులు ఊదసాగారు. 1867లో ఊరికి గ్యాసు వచ్చాక మంట వారి అదుపులోకి వచ్చింది. గాజు మరింత పలుచనయింది. ఇంటి పెద్ద ఊదేవాడు, ఇల్లాలు వెండిద్రావణం పోసి తిప్పేది, పిల్లలు టోపీలు తొడిగేవారు. ఆడవాళ్ళు ఆ సరుకును బుట్టలలో మోసుకుపోయి సోనెబెర్గు వర్తకులకు అప్పగించేవారు. మన నేతపనివారి ఇళ్ళు చూసినవారికి ఈ దృశ్యం కొత్త కాదు: మగ్గం మీద ఒకరు, ఆసు పోసేవారొకరు, కండెలు చుట్టే పిల్లలు, లాభం షావుకారుకు.

1880లో పెన్సిల్వేనియాలోని లాంకాస్టరులో దుకాణం నడుపుతున్న ఫ్రాంక్ వూల్‌వర్తుకు ఒక దిగుమతిదారు ఈ సరుకు చూపించాడు. తాకితే పగిలేదాన్ని ఎవరు కొంటారని ఆయన నసిగాడు. చివరికి పాతిక డాలర్ల విలువైనవి మాత్రం తీసుకున్నాడు. రెండు రోజులలో అన్నీ చెల్లిపోయాయి. ఆ తరువాత ఆయన దుకాణాలు దేశమంతటా వెలిశాయి, లౌషా బంతులూ వాటి వెంటే వెళ్ళాయి.

1907 నుంచి ఈ బంతులను దిగుమతి చేస్తున్న మాక్స్ ఎకార్ట్ అనే వర్తకుడికి 1930ల చివర మరొక యుద్ధం రానున్నదని తోచింది. యుద్ధం వస్తే జర్మనీ సరుకు రాదు. 1937లో షైనీ బ్రైట్ పేరుతో వ్యాపారం మొదలుపెట్టి, వూల్‌వర్త్ కంపెనీ అండతో కార్నింగ్ గాజు కంపెనీని ఒప్పించాడు. కార్నింగు వారి దగ్గర విద్యుద్దీపాల బుడ్లు చేసే ఒక యంత్రం ఉంది. కరిగిన గాజు పట్టీలా సాగుతూంటే పైనుంచి గాలి ఊది అచ్చులలోకి దించుతుంది. దీపపు బుడ్డి అయ్యేది బంతి కాకూడదా? 1939 డిసెంబరులో వెల్స్‌బరో కర్మాగారం నుంచి మొదటి విడతగా 2,35,000 బంతులు బయలుదేరాయి. 1940కల్లా రోజుకు సుమారు 3,00,000 చేస్తున్నారు. లౌషాలో నేర్పరి పొద్దస్తమానం ఊదినా కొన్ని వందలు దాటవు. ఆ ఇళ్ళవాళ్ళ సంగతి ఏమైందన్న ప్రశ్న నన్ను ఇప్పటికీ వదలదు.

ఇక నా రెండు బంతుల మాట. అమెరికా యుద్ధంలోకి దిగాక లోహాలన్నిటికీ మొదటి హక్కుదారు సైన్యమయింది. మొదట లోపలి వెండిపూత పోయింది. ఉత్త గాజు మీద పలుచని గీతలు వేసి అమ్మారు. పిమ్మట లోహపు టోపీ కూడా పోయి అట్టముక్క వచ్చింది. దానికి దారం కట్టి వేలాడదీయాలి. నేను నాసిరకమనుకున్నది యుద్ధకాలపు కరువు. యుద్ధం ముగిశాక వెండి తిరిగి వచ్చింది, శాంటాతో అంకుల్ శామ్ చేతులు కలిపే పెట్టె కూడా ఆ రోజులదే. అంటే ఆ ఇంటివారెవరో యుద్ధకాలంలో కొన్న రెండింటిని పారేయకుండా, మంచిరోజులు వచ్చాక కొన్న పదింటితో కలిపి దాచుకున్నారని నా ఊహ.

బంతులకు రంగులు వేసిన ఎకార్ట్ కర్మాగారాలు హోబోకెన్, ఇర్వింగ్టన్, నార్త్ బెర్గెన్, వెస్ట్ న్యూయార్కులలో ఉండేవి. పేరు చూసి మోసపోకండి, వెస్ట్ న్యూయార్కు కూడా న్యూజెర్సీలోదే. ప్లాస్టిక్ వచ్చాక, 1960ల మొదట్లో ఆ వ్యాపారం మూతపడింది. 2001లో క్రిస్టఫర్ రాడ్కో అదే పేరుతో కొత్తవి చేయించి అమ్మడం మొదలుపెట్టాడు. అవీ ఇప్పుడు పాతసామానులోకి వచ్చి, తెలియనివారిని తికమక పెడుతున్నాయి.

ఇటువంటి దుకాణాలకూ ఒక చరిత్ర ఉంది. 1902లో బోస్టనులో ఎడ్గర్ హెల్మ్స్ అనే మెథడిస్టు బోధకుడు కలవారి ఇళ్ళ నుంచి పాతవస్తువులు పోగుచేసి, పేదవారికి కూలి ఇచ్చి బాగుచేయించి అమ్మించాడు. గుడ్‌విల్ సంస్థ అలా పుట్టింది. మన వీధులలో పాతచీరలకు స్టీలుగిన్నెలు ఇచ్చే ఆమె కూడా దాదాపు ఇదే పని చేసేది. కాని అక్కడ అమ్మ ఎదురుగా నిలబడి బేరమాడేది. ఇక్కడ చాలాసార్లు ఆ వస్తువు దాచుకున్న మనిషి పోయాకే పెట్టె గడప దాటుతుంది. పిల్లలు కావలసినవి తీసుకుంటారు, మిగిలినవి దానం. సంక్రాంతి కొలువు బొమ్మలను పాతచీర పేలికలలో చుట్టి అటక మీద పెట్టిన మా అమ్మమ్మ గుర్తుకు వచ్చింది. ఆ బొమ్మలు ఎవరి ఇంటికి చేరాయో మా కుటుంబంలో ఒక్కరమూ అడగలేదు.

ఇది రాయడానికి అసలు కారణం ఇప్పుడు చెబుతాను. ఈ చరిత్ర ఏదీ తెలియకముందే, కొన్న రోజు రాత్రే, దుమ్ము పట్టి ఉన్నదని అట్టటోపీ బంతులలో ఒకదాన్ని తడిగుడ్డతో తుడిచాను. గుడ్డకు లేత ఆకుపచ్చ, గులాబి రంగులు అంటాయి. మరోసారి తుడిచేసరికి చేతిలో ఉత్త గాజు మిగిలింది. ఈ పాతరంగులు నీటికి ఆగవని, మెత్తని పొడికుంచెతో తప్ప తాకరాదని తరువాత చదివాను. యుద్ధాన్నీ, ప్లాస్టిక్కునూ, యజమాని మరణాన్నీ దాటి డెబ్బయ్యేళ్ళు నిలిచిన గీతలు నా శుభ్రతకు రెండు నిమిషాలు నిలవలేదు.

రెండోదాన్ని తడి తగలనివ్వలేదు. దాని దుమ్ము దానికే ఉంది. ఏటా డిసెంబరులో అట్టటోపీకి తెల్లదారం కట్టి, పిల్లలకు అందని పై కొమ్మకు వేస్తాను. గీతలు పోయినది పెట్టెలోనే, తన గడిలో ఉంటుంది.