ఇంధన ఘటాల రంగంలో డాక్టరేట్, పోస్ట్ డాక్టరల్ పరిశోధనావకాశాలు

హైడ్రోజన్, ఆక్సిజన్‌ల చర్య నుండి నేరుగా విద్యుత్తును ఉత్పత్తి చేయు సాధనమే ఇంధన ఘటం (ఫ్యూయల్ సెల్). దీని నుండి వెలువడేది నీరు, ఉష్ణం మాత్రమే. అయితే ఉత్ప్రేరకమైన ప్లాటినం ఖరీదు, పొరల మన్నిక ఈ పరిజ్ఞాన విస్తరణకు అవరోధాలుగా ఉన్నవి. యువ పరిశోధకులు పరిష్కరించవలసిన సమస్యలివే.

హైదరాబాదులోని ఏ.ఆర్.సి.ఐ. సంస్థకు చెన్నైలో ప్రత్యేక ఇంధన ఘటాల కేంద్రం కలదు. కారైకుడిలోని కేంద్రీయ విద్యుత్ రసాయన పరిశోధనా సంస్థలోనూ ఈ రంగంలో కృషి జరుగుచున్నది.

2023 జనవరి 1 నుండి అమలులోకి వచ్చిన సవరణ ప్రకారం జూనియర్ రీసెర్చ్ ఫెలోలకు నెలకు రూ.37,000, సీనియర్లకు రూ.42,000, డాక్టరేట్ అనంతరం రీసెర్చ్ అసోసియేట్‌లకు రూ.58,000 నుండి రూ.67,000 వరకు భృతిగా నిర్ణయించబడినది. ఇంటి అద్దె భత్యం అదనం.

నెట్ ద్వారా ఫెలోషిప్‌కు అర్హత పొందినంత మాత్రాన పీహెచ్.డి.లో ప్రవేశం లభించదు. అభ్యర్థులు సంబంధిత సంస్థకు విడిగా దరఖాస్తు చేసుకొనవలెను.