అంకుడాకు నీలి

సింహాచలము మొదలుకొని మన్యము వరకు వ్యాపించిన కొండల వాలులలో పెరుగు చెట్లలో అంకుడు ఒకటి. ఆకు త్రుంచినచో తెల్లని పాలు కారును. కాయలు జంటలుగా వ్రేలాడుచు కొనల వద్ద అంటుకొని యుండును. వరాహనది ఒడ్డునగల ఏటికొప్పాకలో లక్కపిడతలు చేయునది ఈ చెట్టు కర్రతోనే. కర్రకు ఇంత పేరు వచ్చెను గాని, ఆకులో నీలిరంగు కలదని ఎరిగినవారు తక్కువ.

ఈ రంగును గూర్చి శ్రద్ధగా ప్రయోగములు చేసి వ్రాసినవాడు విలియం రాక్స్‌బర్గ్. 1776లో కంపెనీ వైద్యుడుగా మద్రాసు చేరిన ఈ స్కాట్లండు దేశీయుడు 1781 నుండి 1793 వరకు సామర్లకోటలో నుండి ఉత్తర సర్కారుల మొక్కలను పరిశీలించెను. అంకుడునకు ఆయన పెట్టిన పేరు నీరియం టింక్టోరియం. టింక్టోరియం అనగా అద్దకమునకు పనికివచ్చునది. తరువాత రాబర్ట్ బ్రౌన్ దీనిని రైటియా జాతిలో చేర్చెను. అయినను టింక్టోరియా అను మాట మాత్రము పోలేదు.

పచ్చి ఆకులో నీలిరంగు నీలిరంగుగా ఉండదు. చక్కెరతో కూడిన వర్ణరహిత పదార్థముగా ఉండును. అది నీటిలో విడిపోయి, పిదప గాలిలోని ఆమ్లజనితో కలిసినప్పుడే నీలి ఏర్పడును. మామూలు నీలిమొక్కను చన్నీటి తొట్టిలో నానవేసిన చాలును. అంకుడాకు చన్నీటికి లొంగదు, వేడినీరు కావలెను. ఆ నీటిని వేరు చేసి, గాలి తగులునట్లు బాగుగా చిలికినచో నీలి అడుగున చేరును. వంద నుండి రెండు వందల సేర్ల ఆకునకు వచ్చునది ఒక సేరు నీలి మాత్రమే.

ఇట్లు చేసిన నీలి నీటిలో కరగదు. కనుక అద్దకపువాడు దానిని తొట్టిలో పులియబెట్టి, ఆమ్లజనిని పోగొట్టి, కరగునట్లు చేయును. అందులో ముంచి తీసిన బట్ట మొదట పచ్చగా నుండి, చూచుచుండగనే గాలికి నీలమగును. రసాయనశాస్త్రము దీనికి పేరు పెట్టుటకు ఎన్నో శతాబ్దములకు ముందే మన అద్దకపువారు ఈ కిటుకు నేర్చియుండిరి.

మరి అంకుడు నీలి ఏల వ్యాపింపలేదు? నీరు కాచుటకు వంటచెరకు ఖర్చు ఒక కారణము కావచ్చును. అయితే ఈ చెట్టునకు ఏటేట దున్నకము లేదు, విత్తనము లేదు, వరిపొలమును లాగుకొనవలసిన పని అంతకన్నను లేదు. బెంగాలులో దొరలు రైతులచే బలవంతముగా నీలిపైరు వేయింపగా 1859లో తిరుగుబాటు లేచినది. కొండచెట్టు ఆకుతో ఆ వ్యాపారము సాగియుండినచో ఆ రైతుల గోడు కొంతయైన తగ్గియుండెడిదేమో! 1897లో జర్మనీ కర్మాగారపు కృత్రిమ నీలి బజారుకు వచ్చుటతో తగవే లేకపోయినది. చెట్టునీలి, చేనినీలి రెండును వెనుకబడినవి.

లక్కపిడతలకు సయితము కృత్రిమపు రంగులు చేరినవి. లక్క పురుగు ఇచ్చిన లక్కలో రంగు కలిపి, తిరుగుచున్న కర్రపై నొత్తిన అది వేడికి కరిగి అంటుకొనును. ఆటవస్తువులను పసిపిల్లలు నోట పెట్టుకొందురు గనుక ఆ రంగులలోని సీసము వంటి విషములు ప్రమాదకరములు. ఏటికొప్పాకలో సి.వి. రాజు గారు నీలి, పసుపు, జాఫ్రా మొదలగు వృక్షజములను లక్కతో కలుపు పద్ధతులను తిరిగి పాదుకొల్పిరి. ఈ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు, ఆయనకు 2023లో పద్మశ్రీ లభించినవి.

అంకుడాకులోని రంగును చూడవలెనన్న తొట్టి అక్కరలేదు. ఆకులను కొబ్బరినూనెలో వేసి ఎండలో నుంచినచో, నూనె కొలది దినములలో ఊదారంగు దాల్చును. సిద్ధవైద్యులు చర్మవ్యాధులకు వాడునది ఈ నూనెయే.