సోడా రొట్టె, ధాత కరువు, ఒక పౌను పిండి

మొన్న ఆదివారం కొమరోల్లో మా ఇంట్లో బ్రెడ్డు కాల్చా. ఈస్టు లేదు, ఓవెనూ లేదు. గాస్కెట్టు, విజిలు తీసేసిన పాత కుక్కర్లో ఇసుక పోసి, దాని మీద స్టాండు, ఆ పైన గిన్నె. 450 గ్రాముల పిండి (సగం మైదా, సగం గోధుమపిండి), చెంచా ఉప్పు, చెంచా తినే సోడా, తడిసేంత పుల్లమజ్జిగ. ఎక్కువ పిసక్కూడదు. గబగబా కలిపి, ఉండ చేసి, పైన కత్తితో ప్లస్సు గుర్తు గీసి, సన్నసెగ మీద గంటసేపు. అమ్మ తిని, "మైసూరు బజ్జీ పిండిని నూనెలో వెయ్యకుండా కాల్చావు, అంతే కదరా!" అంది.

నవ్వొచ్చింది గానీ అదే నిజం. రెండింట్లోనూ మజ్జిగ పులుపు, సోడా కలిసి బొగ్గుపులుసు వాయువు పుడుతుంది. అది పోకముందే వేడి తగలాలి, అందుకే ఆ తొందర.

ఇది ఐర్లండు వాళ్ళ సోడా రొట్టె. "సంప్రదాయం" అంటారు గానీ మరీ పాతదేం కాదు. 1791లో ఫ్రాన్సులో లెబ్లాంక్ మామూలు ఉప్పు నుంచి సోడా తీసే పద్ధతి కనిపెట్టాకే అది చవగ్గా దొరికే దారి పడింది. 1830ల నాటికి ఐర్లండులో రొట్టెల్లోకి చేరింది. అక్కడి గోధుమ మెత్తరకం, ఈస్టుతో సరిగా పొంగదు, సోడాతో పొంగుతుంది. ఓవెన్ లేని ఇళ్ళలో ఇనప కుండలో పెట్టి, మూత మీద నిప్పులేసి కాల్చేవాళ్ళు. మన దిబ్బరొట్టెకి మూకుడు మూత మీద నిప్పులేసినట్టే!

అయితే అక్కడి పేదలు అప్పట్లో తినేది ఎక్కువగా బంగాళాదుంపే. 1845లో దుంపకి తెగులొచ్చింది. కొన్నేళ్ళలో దాదాపు 10 లక్షలమంది పోయారు, అంతకు తక్కువ కాకుండా దేశం విడిచిపోయారు. ఓడల్లో ధాన్యం మాత్రం ఇంగ్లండుకి పోతూనే ఉంది. సోడా రొట్టె ఇంటింటికీ పాకింది ఆ కరువు తర్వాతే.

ఇక్కడిదాకా చదివాక నాకు మన ధాత కరువు గుర్తొచ్చింది. 1876-78. మా వైపంతా అప్పుడు కర్నూలు జిల్లా (ప్రకాశంలో కలిసింది 1970లో). మద్రాసు ప్రెసిడెన్సీలో బాగా దెబ్బతిన్న జిల్లాల్లో అదొకటి. 1877లో సర్ రిచర్డ్ టెంపుల్ వచ్చి, ఖర్చు తగ్గించాలని కరువు పనుల కూలి కోసేశాడు. రోజంతా పనిచేసిన మగమనిషికి ఒక పౌను ధాన్యం, పైన ఒక అణా. ఇది మనిషికి చాలదని శానిటరీ కమిషనర్ డాక్టర్ కార్నిష్ పోట్లాడాక కూలి మళ్ళీ పెంచారు.

పౌనంటే 453 గ్రాములు. అంటే నేను సరదాకి గిన్నెలో పోసిన పిండి, ఒక మనిషి రోజంతా ఎండలో పనిచేస్తే దక్కిన ధాన్యమంత! దాన్ని మేం నలుగురం సాయంత్రం టీతో ఊరికే నంజుకున్నాం.

డబ్లిన్లో నది ఒడ్డున ఆ కరువు మనుషుల విగ్రహాలు 1997లో పెట్టారు. ఎముకలగూళ్ళలా ఓడ వైపు నడుస్తుంటారు. మనకి? నేను చదివిన స్కూలు పుస్తకాల్లో ధాత కరువు గురించి ఒక్క వాక్యం కూడా నాకు గుర్తులేదు. మీ ఇళ్ళలో పెద్దవాళ్ళుంటే, వాళ్ళ తాతలు ఆ కరువు గురించి ఏం చెప్పేవాళ్ళో ఓసారి అడిగి చూడండి.

రొట్టె మాత్రం బానే కుదిరింది. అడుగు కాస్త మాడింది, అంతే.