పహణి వెనకున్న పుస్తకం

బాగేపల్లి, చింతామణి, చిక్కబళ్ళాపురం సీమలో మాట తెలుగు, లెక్క కన్నడం. పొలం గట్టు మీద తెలుగులో కుదిరిన బేరం తాలూకా కచేరీకి చేరేసరికి కన్నడ అక్షరాల్లోకి మారుతుంది. ఆ కచేరీ కాగితాల్లో రైతు చూడగానే గుర్తుపట్టేది పహణి. బ్యాంకు అప్పుకైనా, అన్నదమ్ముల పంపకానికైనా ముందు అడిగేది అదే. అయితే పహణి ఈ రోజు సంగతి చెబుతుంది: ఈ సర్వే నంబరు ఇప్పుడు ఎవరి పేరున ఉంది, విస్తీర్ణం ఎంత, దాని మీద ఏ అప్పు ఉంది. ఆ పేరు అక్కడికి ఎలా వచ్చిందో చెప్పేది దాని వెనకున్న మ్యుటేషన్ రిజిస్టరు, కచేరీ భాషలో ఎం.ఆర్. ఈ ప్రాంతపు భూమి లెక్కల్లో అసలు ఆధారం ఈ రెండో పుస్తకమేనని నా వాదన. కంప్యూటర్ డేటాబేసులు కట్టినవాళ్ళు కూడా చివరికి ఈ నిర్ణయానికే వచ్చారు.

డేటాబేసులో పట్టికలతో పాటు లాగ్ ఫైలు ఒకటి ఉంటుంది. ప్రతి మార్పునూ ముందు లాగ్‌లో వరుస నంబరు వేసి రాస్తారు. అది డిస్కు మీద నిలిచాకే పని పూర్తయినట్టు లెక్క. పట్టికలోకి ఎక్కడం తర్వాత జరిగినా ఫరవాలేదు. మధ్యలో కరెంటు పోతే లాగ్ చదివి, పూర్తయిన పనులను మళ్ళీ చేస్తారు, సగంలో ఆగినవాటిని రద్దు చేస్తారు. లావాదేవీ అన్న భావనను వివరిస్తూ జిమ్ గ్రే 1981లో రాసిన వ్యాసం పాత లెక్కలవాళ్ళను గుర్తు చేస్తుంది: వాళ్ళు రాసినదాన్ని చెరపరు, తప్పు దొర్లితే దాన్ని సరిచేసే కొత్త పద్దు రాస్తారు. ఐబీఎంలో సి. మోహన్ బృందం 1992లో ప్రచురించిన ఏరీస్ పద్ధతి ఈ నియమాన్ని లాగ్ లోపలికే తెచ్చింది. వెనక్కి తీసిన పని కూడా అందులో ఒక కొత్త పద్దే.

ఈ తాలూకాలున్న మైసూరు సీమలో ఒకప్పుడు చెరిపే పుస్తకమే వాడుకలో ఉండేది. 1803 నుంచి 1808 దాకా మైసూరులో బ్రిటిష్ రెసిడెంటుగా ఉన్న మార్క్ విల్క్స్ తాను రాసిన దక్షిణ భారత చరిత్ర మొదటి సంపుటంలో కడతాన్ని వర్ణించాడు. పన్నెండు నుంచి పద్దెనిమిది అడుగుల పొడవున్న నూలు గుడ్డకు రెండు వైపులా గంజి, బొగ్గుపొడి కలిపి పూసి, ఆరాక మడతలు పెట్టి, రెండు చివర్లా చెక్క అట్టలు బిగిస్తారు. రాసేది బలపంతో. పలక మీద లాగే తుడిచి మళ్ళీ రాయొచ్చు. వర్తకులు లెక్కలన్నీ దాని మీదే రాసేవారు. సాక్షులతో రాసిన అప్పుపత్రం ఒకటి కడతంలో ఉండగా ఆధారంగా స్వీకరించడం చూశానని కూడా విల్క్స్ రాశాడు. తుడిస్తే పోయే రాతను అంత నమ్మారంటే, నమ్మకం గుడ్డ మీద కాదు, దాన్ని దాచుకున్న మనిషి మీదా, పక్కన కూర్చున్న సాక్షుల మీదా. కన్నడ కచేరీల్లో ఈనాటికీ ఫైలును కడత అనే అంటారు.

1863 తర్వాత మైసూరులో రెవెన్యూ సర్వే మొదలై పొలాలకు నంబర్లు వచ్చాక ఆ నమ్మకం నెమ్మదిగా మనిషి నుంచి పద్ధతికి మారింది. 1964 కర్ణాటక భూ రెవెన్యూ చట్టం 128, 129 సెక్షన్లలో ఆ పద్ధతి స్పష్టంగా ఉంది. హక్కు చేతులు మారితే ముందు ఎక్కాల్సింది మ్యుటేషన్ రిజిస్టరులోకి. నోటీసు ఇవ్వాలి, అభ్యంతరం వస్తే వివాదాల రిజిస్టరులో విడిగా రాయాలి, అధికారి ధ్రువీకరించేదాకా ఆ పద్దు హక్కుల దాఖలాలోకి ఎక్కకూడదు. ముందు లాగ్, తర్వాత పట్టిక అన్న నియమం ఇదే. పహణిలో పేరు పక్కన ఎం.ఆర్. నంబరు కూడా వేస్తారు. ఏరీస్‌లోనూ ప్రతి పేజీ మీద దాన్ని చివరిసారి మార్చిన లాగ్ పద్దు నంబరు ఉంటుంది. ఏటా జరిగే జమాబందిలో గ్రామ లెక్కలన్నీ సరిచూసి సంతకం పెట్టడం, డేటాబేసు మధ్యమధ్య వేసుకునే చెక్‌పాయింట్‌కు దగ్గరి చుట్టం.

పాత పద్దుల విలువ ఎంతో భూ సంస్కరణలు చూపించాయి. సవరించిన భూ సంస్కరణల చట్టం 1974 మార్చి 1న అమల్లోకి వచ్చింది. అంతకు ముందు క్షణం దాకా కౌలుదారు చేతిలో ఉన్న భూమి ప్రభుత్వపరమై, హక్కు కోరుతూ ఫారం 7 పెట్టుకున్న కౌలుదారుకు హక్కు దక్కే అవకాశం వచ్చింది. ఆ దరఖాస్తులు విన్న భూ ట్రిబ్యునల్ ముందున్న ప్రశ్న ఈ రోజు ఎవరు దున్నుతున్నారని కాదు, ఆ తేదీన ఎవరు దున్నుతున్నారని. డేటాబేసును గడిచిపోయిన ఒక నిర్దిష్ట క్షణానికి తిరిగి తీసుకెళ్ళడం లాంటి పని ఇది. తాజా పట్టిక ఎంత శుభ్రంగా ఉన్నా దానికి పనికిరాదు. పాత పహణీల్లో ఏటేటా రాసిన సాగు గడులు, మార్పుల వరుస చెదరకుండా ఉండాలి. ఆ కాగితాలు దొరకని కౌలుదారు నోటిమాట సాక్ష్యం మీద ఆధారపడాల్సిందే.

ఈ వాదనకు బలమైన అభ్యంతరం ఒకటుంది. పుస్తకం ఊరి లెక్కలు రాసే శానుభోగుడి చేతిలో ఉన్నప్పుడు ఎం.ఆర్. కూడా అతను రాసిందే కదా, అబద్ధపు లాగ్ నుంచి నిజమైన పట్టిక ఎలా వస్తుంది? నిజమే, రాదు. లాగ్ సత్యానికి హామీ ఇవ్వదు. రాసినది చప్పుడు లేకుండా మాయం కాకుండా మాత్రం చూస్తుంది. వరుసలో ఒక నంబరు లేకపోతే ఆ ఖాళీ కనిపిస్తుంది, దొంగ పద్దుకూ తేదీ, సంతకం మిగులుతాయి. దాఖలాలోని పద్దును తప్పని రుజువయ్యేదాకా నిజమనే భావించాలని 133వ సెక్షన్ చెబుతుంది. ఆ రుజువుకు దారి చూపేది వెనకటి పద్దులే. అసలు లోపం మరోచోట ఉంది: లాగ్, పట్టిక రెండూ ఒకే ఇంట్లో, ఒకే పెట్టెలో ఉండటం. రెండింటినీ వేర్వేరు డిస్కుల మీద ఉంచాలన్నది డేటాబేసు నడిపేవాళ్ళు మొదట నేర్చుకునే జాగ్రత్త. ఆ పెట్టె ఒక వంశం చేతిలో ఉండే ఏర్పాటు తర్వాత పోయింది: గ్రామాధికారాల రద్దు చట్టం 1963 ఫిబ్రవరి 1న అమల్లోకి వచ్చి, వంశపారంపర్య శానుభోగుల స్థానంలో జీతగాళ్ళయిన గ్రామ లెక్కాధికారులు వచ్చారు. సరిహద్దుకు అవతల హిందూపురం, మదనపల్లె వైపు శానుభోగుల్లాంటి కరణాల వ్యవస్థ 1984 దాకా సాగింది.

కంప్యూటర్ వచ్చాక పాత రిజిస్టర్లెందుకు అన్నది రెండో అభ్యంతరం. కొత్త శతాబ్దం మొదట్లో భూమి పథకం కింద రాష్ట్రంలో సుమారు 67 లక్షల రైతుల 2 కోట్ల దాఖలాలు కంప్యూటర్‌లోకి ఎక్కాయి. 15 రూపాయలకు పహణి చేతికొచ్చింది. అధికారి వేలిముద్ర వేస్తేగాని మార్పు ఎక్కదు. అది గొప్ప పని. కానీ అప్పుడు ఎక్కించింది ఆనాటి పట్టికను. కంప్యూటర్ లాగ్ అక్కడినుంచే మొదలైంది, అంతకు ముందరి వరుస రికార్డు గదుల్లో కాగితం మీదే ఉండిపోయింది. ఎక్కించేటప్పుడే ఒక పేరో, ఒక గుంటో తప్పు పడితే ఆ తప్పును కంప్యూటర్ లాగ్ ఎన్నటికీ పట్టుకోలేదు, దాని దృష్టిలో లోకం అక్కడే పుట్టింది. డిస్కు నిండిందని బ్యాకప్ తీయకుండానే లాగ్ చెరిపేవాడు చేసే పొరపాటూ, చోటు చాలదని పాత ఎం.ఆర్.లను చెదలకు వదిలే కచేరీ పొరపాటూ ఒకటే. అన్నీ కాగితంగానే ఎల్లకాలం దాచలేమన్నది ఒప్పుకోవాల్సిందే. ముందు నకలు తీసి, ఆ నకలు చదవడానికి వస్తుందో లేదో చూసుకున్నాక పాతదాని సంగతి తేల్చవచ్చు.

రికార్డు గదుల స్కానింగుకు కర్ణాటక ప్రభుత్వం 2024లో భూసురక్ష పేరుతో పూనుకుంది. ఆ పనిలో పహణీల కన్నా ఎం.ఆర్.లకూ, వివాదాల రిజిస్టర్లకూ ముందు వంతు రావాలి. మార్పుల వరుస ఉంటే పోయిన పహణిలోని హక్కుదారుల పేర్లను తిరిగి కూర్చవచ్చు, పహణి నుంచి ఆ వరుసను తిరిగి తేలేం. కొట్టివేసిన పద్దులనూ, ఖాళీగా వదిలిన పేజీలనూ కూడా వరుస తప్పకుండా తీయాలి. శుభ్రత కోసం ఒక పేజీని పక్కన పెడితే, రేపు చూసేవాడికి అది ఎవరో చించిన పేజీలాగే కనిపిస్తుంది.