ప్రశ్నవేషమున వచ్చు ప్రచారము: దాని పుట్టుపూర్వోత్తరములు

మన సంఘ వార్షిక మహాసభా సంచికకు ఏటేట ఏదో యొక పురాతన విషయమును గూర్చి వ్రాయుట నాకు వాడుక. శాసనములను గూర్చియు, గ్రామ కైఫీయతులను గూర్చియు, మన పెద్దలు కట్టించిన సత్రములను గూర్చియు వెనుకటి సంచికలలో విన్నవించితిని. ఈ పర్యాయమును సంపాదక మహాశయులు అట్టి వ్యాసమునే కోరిరి. కాని 2024వ సంవత్సరపు ఎన్నికలకు ముందు మనలో జరిగిన యొక చిన్న సంగతి నా మనస్సును విడువకున్నది. దాని మూలము వెదకబోగా అదియు నొక చరిత్రయే యని తేలినది. కావున పాఠకులును, పోషకులగు మహాశయులును ఈ క్రొత్త చరిత్రను చిత్తగింపగోరెదను.

ఆ సంవత్సరము మే 13వ తేదీన మన ఆంధ్రప్రదేశమున శాసనసభకును లోకసభకును ఒక్కనాడే పోలింగు జరిగినది. అంతకు పది పండ్రెండు దినములు ముందు, భోజనానంతరము నేను పడకకుర్చీలో నుండగా సెల్‌ఫోను మ్రోగెను. రికార్డు చేసిన స్త్రీకంఠ మొకటి, తాము ప్రజాభిప్రాయమును సేకరించుచున్నామనియు, ఒక్క నిమిషము చాలుననియు మర్యాదగా పలికెను. మొదట వయస్సు అడిగెను. పిమ్మట కులము, ఫలానా కులమైన ఒకటి, ఫలానా యైన రెండు నొక్కుడని వరుసగా చదివెను. మన కులపు అంకె నొక్కితిని. మూడవ ప్రశ్న యిట్లుండెను: ఫలానా అభ్యర్థి యొక రహస్య సమావేశమున మీ కులపు పెద్దలను అవమానించి మాట్లాడినాడని తెలిసినచో మీ రాయనకు ఓటు వేయుదురా? వేయుదుమన్నచో ఒకటి, వేయమన్నచో రెండు. నేను రెండు నొక్కితిని. ధన్యవాదములు చెప్పి లైను తెగిపోయెను.

ముప్పదియైదేండ్లు పిల్లలకు వ్యాకరణము చెప్పినవాడను. అయినను ఆ వాక్యములోని కీలు నాకు అప్పుడు తట్టలేదు. సాయంకాలము అరుగుమీద ఇద్దరు మిత్రులతో, “ఆయన మనవారి నట్లనెనట” అంటిని. ఆ “అట” నేను చేర్చినదే; ఫోనులో అదియు లేదు.

ఆ కీలు ఏదియో చూడుడు. మన వ్యాకరణమున “చేసినచో”, “వచ్చినచో” మున్నగు రూపములను చేదర్థకము లందురు. జరుగునో జరుగదో తెలియని పనిని అవి చెప్పును. పై ప్రశ్నలో చేదర్థకము “తెలియుట”కు తగిలినది గాని “అవమానించుట”కు తగులలేదు. సందేహమంతయు నా తెలివిని గూర్చియే; ఆయన నేరము మాత్రము సిద్ధమై నిలిచియున్నది. లేనిదానిని ఎవడును తెలిసికొనలేడు గదా! కావున “తెలిసినచో” అనిన క్షణముననే వినువాని మనస్సులో అది జరిగిన సంగతిగా కూర్చుండును. అడిగినవానిని నిలదీసినచో, “మేమేమియు చెప్పలేదు, అడిగితిమంతే” యని తప్పించుకొనును.

ఏలువారు ప్రజల తలంపు తెలిసికొనగోరుట నిన్న మొన్నటిది కాదు. ఉత్తరకాండలో శ్రీరాముడు భద్రుని పిలిచి పౌరులు తన్ను గూర్చి యేమనుకొనుచున్నారని యడిగెను. భద్రుడు మంచి మాత్రమే చెప్పబోగా, చెడ్డయు దాచక చెప్పుమనెను. దాని ఫలితమెంత దారుణమైనను, అడిగినవాడు వినుటకే యడిగెను. కౌటిల్యుని అర్థశాస్త్రమున వేఱొక పద్ధతి కలదు. ప్రథమాధికరణమున ఆయన సత్రులను గూఢచారులను తీర్థములకును, సభలకును, పూగములకును పంపుమనెను. పూగమనగా మనవంటి సంఘమే యనుకొనవచ్చును. అందొకడు, ఈ రాజు సకలగుణసంపన్నుడని విందుము గాని దండములతోను పన్నులతోను పీడించుటయే కనబడుచున్నదని నిందింపవలెను. రెండవవాడు వానిని ఖండించి, మత్స్యన్యాయముచే పీడితులైన ప్రజలు మనువును రాజుగా చేసికొని పంటలో ఆఱవ భాగ మిచ్చిన కథ చెప్పి, రాజును అవమానించినవారికి దైవదండనము తప్పదని నోరు మూయింపవలెను. ఇద్దరును రాజు మనుష్యులే! చుట్టును గుమిగూడినవారు తాము వాదము వినుచున్నామనుకొందురు. వారి నాడి చూచుటయు, వారి మనస్సును త్రిప్పుటయు నొక్క నాటకముననే జరిగిపోవును. ఈ గ్రంథమును మైసూరున శామశాస్త్రిగారు 1909లో అచ్చువేయించిన నాటినుండి మనవారు అందలి రాజ్యతంత్రమును మెచ్చుకొనుచున్నారు గాని, ఈ ఘట్టమును చదువునప్పుడు మనము రాజు ప్రక్కన నిలిచి చదువుదుము. పూగములో కూర్చుండి చదివిన వేఱుగా నుండును.

న్యాయశాస్త్రమున గౌతముడు చెప్పిన పదునాఱు పదార్థములలో ఛలమొకటి. ఈ ఫోను ప్రశ్న అందు చేరునా యని చాల ఆలోచించితిని. చేరదు. ఛలమున ప్రతివాది యెదుట నుండును. తన మాటకు విపరీతార్థము కల్పించినచో వెంటనే అడ్డుకొనగలడు. ఇచట నింద పడినవాడు ఆ సంభాషణలోనే లేడు.

ఇక ఆధునిక చరిత్ర. ఎన్నికలకు ముందు జనుల నడిగి లెక్కవేయు పద్ధతి అమెరికా సంయుక్తరాష్ట్రములలో పెరిగినది గనుక, దాని వికారమును అచటనే వెదకవలసియున్నది. 1824లోనే పెన్సిల్వేనియాలోని హారిస్‌బర్గు పట్టణపు పత్రిక యొకటి అట్టి లెక్కను ప్రకటించినది. 1936లో ‘లిటరరీ డైజెస్టు’ అను పత్రిక సుమారు కోటి కార్డులు పంపి, తిరిగివచ్చిన 23 లక్షల పైచిలుకు కార్డులనుబట్టి లాండన్ గెలుచునని చెప్పెను. రూజ్వెల్టు 48 రాష్ట్రములలో 46 గెలిచెను. అంతకంటె ఎంతో తక్కువమందిని, కాని అన్ని తరగతులనుండియు ఎంచి అడిగిన గాలప్ అనునాయన రూజ్వెల్టు గెలుచునని సరిగా చెప్పెను. ఆ పత్రికవారు మోసము చేయలేదు. టెలిఫోను డైరెక్టరీలలోను మోటారుకార్ల పట్టికలలోను ఉన్నవారినే హెచ్చుగా అడిగిరి. ఆ కఱవు దినములలో టెలిఫోను కలవాడు కలవాడే గదా! అది లెక్కలోని పొరపాటు. మనము చెప్పుకొనుచున్నది పొరపాటు కాదు.

1946లో కాలిఫోర్నియా 12వ నియోజకవర్గమున జెరీ వూర్హిస్ అను ప్రతినిధిపై రిచర్డ్ నిక్సన్ అను యువకుడు పోటీచేసెను. పేరు చెప్పని వ్యక్తులు ఓటర్లకు టెలిఫోను చేసి, వూర్హిస్ కమ్యూనిస్టని మీకు తెలియునా యని యడిగి పెట్టివేయుచుండిరని ఆనాటివారు తరువాత చెప్పిరి. ఎవరు చేయించిరో రుజువు కాలేదు. వూర్హిస్ ఓడిపోయెను, ఆ పిలుపుల వలననే ఓడెనని చెప్పుటకు వీలులేదు. మనకు కావలసినది ప్రశ్నయొక్క ఆకారము: “మీకు తెలియునా?” తెలియదన్నవాడు తానే వెనుకబడినట్లు సిగ్గుపడును.

ఇట్టి పిలుపులకు తరువాత ‘పుష్ పోల్’ అను పేరు వచ్చినది. తూచుచున్నట్లు నటించుచు త్రాసును వ్రేలితో నొక్కుట యని నేను పిల్లలకు చెప్పుదును. లోకమున కెల్ల దానిని తెలిపినది 2000వ సంవత్సరపు దక్షిణ కెరొలైనా ఉదంతము. అధ్యక్షపదవికి రిపబ్లికన్ పక్షపు అభ్యర్థిని ఎన్నుకొను ప్రాథమిక ఎన్నికలవి. వియత్నామున అయిదేండ్లకు మించి బందీగా నుండివచ్చిన జాన్ మెకెయిన్ ఫిబ్రవరి 1న న్యూ హాంప్‌షైరులో జార్జి బుష్‌ను నూటికి 18 పాళ్ల ఆధిక్యముతో గెలిచెను. తరువాతి పోటీ అదే నెల 19న దక్షిణ కెరొలైనాలో. ఈ నడిమి దినములలో అచటి ఓటర్లకు ఫోనులు వచ్చినవనియు, అందొక ప్రశ్న, మెకెయిన్‌కు వివాహేతర సంబంధమున నల్లజాతి బిడ్డ కలదని తెలిసినచో మీరాయనకు ఓటు వేయుట కుత్సహింతురా యనునట్టిదనియు చెప్పబడినది.

నిజమేమనగా, మెకెయిన్ దంపతులు 1991లో బంగ్లాదేశమున ఢాకాలో మదర్ థెరీసా అనాథశరణాలయమునుండి యొక పసిబిడ్డను తెచ్చి దత్తత చేసికొనిరి. ఆ బిడ్డ మనవలెనే చామనచాయ గలది. తల్లిదండ్రులతో సభలలో కనబడుచుండెను. వర్ణద్వేషము తరతరములుగా వేళ్లూనిన ఆ సీమలో, చూచినవారికి కంటి సాక్ష్యమే అబద్ధమును బలపఱచినది! అనాథను ఇంటికి తెచ్చుకొన్న పుణ్యమును పాపముగా మార్చుటకు ఒక్క ప్రశ్న చాలినది. కరపత్రములును, ఉత్తరములును తోడైనవి. స్పార్టన్‌బర్గులో జరిగిన యొక సభలో ఒక తల్లి లేచి, మెకెయిన్‌ను ఆరాధించు తన పదునాలుగేండ్ల కుమారుడు ఫోను తీయగా, ఆయన అబద్ధీకుడు, మోసగాడని వినబడినదనియు, బాలుడు కుమిలిపోయెననియు చెప్పెను. బుష్ పక్షమువారు ఆ అపవాదములతో తమకు సంబంధము లేదనిరి. 19వ తేదీన బుష్‌కు నూటికి 53, మెకెయిన్‌కు 42 పాళ్లు వచ్చినవి. ఆ ప్రశ్నను ఎవరు అడిగించిరో నేటికిని రుజువు కాలేదు. మెకెయిన్ 2018లో స్వర్గస్థుడయ్యెను.

నిజమైన సర్వేలోను అభ్యర్థిని గూర్చిన చెడ్డ సంగతులు అడుగుట కలదు. ఏ మాట ఓటరుకు తగులునో పక్షములవారు ముందుగా పరీక్షించుకొందురు. భేద మెట్లు తెలియును? పరీక్షించువారు కొన్ని వందలమందినో వేయిమందినో ఎంచి, చాలసేపు అనేక ప్రశ్న లడిగి, జవాబులను వ్రాసికొని లెక్కకట్టుదురు. పుష్ పోల్ వారు వేలకొలది ఇండ్లకు పిలిచి, అర నిమిషమో నిమిషమో మాటలాడి, ఒకటి రెండు ప్రశ్నలతో ముగింతురు. జవాబులు వారికి అక్కరలేదు. అమెరికాలోని అభిప్రాయ పరిశోధకుల సంఘము అందుచేతనే ఇవి అసలు సర్వేలే కావని ఖండించినది. న్యూ హాంప్‌షైరు రాష్ట్రము 1998లో, ఇట్టి పిలుపు చేయువాడు తా నే అభ్యర్థి పక్షమున లేదా ఏ అభ్యర్థికి విరోధముగా పిలుచుచున్నాడో చెప్పి తీరవలెనని శాసనము చేసినది.

నింద లేకయే మోసము జరుగవచ్చునని కెనడా చూపినది. 2011 నవంబరులో మాంట్రియల్ నగరపు మౌంట్ రాయల్ నియోజకవర్గమున ఓటర్లకు ఫోనులు వచ్చినవి. తమ సభ్యుడగు ఇర్విన్ కాట్లర్ రాజీనామా చేయనున్నట్లు వదంతి గలదు, ఉపఎన్నిక వచ్చినచో అధికారపక్షమునకు ఓటు వేయుదురా యని ప్రశ్న. ఆయనకు రాజీనామా తలంపే లేదు. 2015 వరకు ఆ స్థానముననే యుండెను. ఆయన పార్లమెంటులో మొఱపెట్టగా, అధికారపక్షమువారు తామే చేయించితిమని ఒప్పుకొని, అది వాక్స్వాతంత్ర్యమని వాదించిరి. ఆ పక్షమునుండియే వచ్చిన సభాపతి ఆండ్రూ షీర్ డిసెంబరులో తీర్పు చెప్పుచు, ఈ పని గర్హనీయమనెను. కాని సభాహక్కులకు భంగము కలిగెనని మాత్రము నిర్ణయింపలేనని విడిచివేసెను.

మన దేశపు ప్రజాప్రాతినిధ్య చట్టము 1951 నాటిది. ఓటువేసి వచ్చినవారి నడిగి చెప్పు జోస్యములను 2009 సవరణ నియంత్రించినది. పోలింగు ముగియుటకు ముందటి 48 గంటలలో అభిప్రాయసేకరణ ఫలితములను టెలివిజను మున్నగు సాధనములలో చూపుటయు నిషిద్ధము. ఇవన్నియు జవాబులను ప్రకటించుటకు సంబంధించిన కట్టుబాట్లు. ప్రశ్నను అడుగుటకు కావు. అభ్యర్థి శీలమును గూర్చి అబద్ధపు ప్రకటన చేయుట 123వ సెక్షను నాలుగవ ఉపవిభాగమున అక్రమాచారముగా చెప్పబడినది. కాని ప్రశ్న ప్రకటన యగునా యని వకీలుగారు తర్కించుటకు చోటు లేకపోలేదు. వ్యాకరణమెరిగినవాడు అగునని చెప్పును. కులము పేర ఓటడుగుటయు అదే సెక్షనున దోషము; 2017 జనవరి 2న సుప్రీంకోర్టు ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనము, నలుగురు ఒకవైపు ముగ్గురొకవైపు నుండగా, అభ్యర్థి కులమే కాదు, ఓటరు కులము పేర అడిగినను దోషమేనని నిర్ణయించినది. 2024 మే 2న ఎన్నికల సంఘమువారు, సర్వేల నెపమున ఓటర్ల పేర్లను రాబోవు పథకములకు నమోదు చేయుట మానవలెనని పక్షములను హెచ్చరించిరి. మన అరుగుమీదికి ఆ హెచ్చరిక ఏదియు రాలేదు.

ఫోను వచ్చిన మూడవనాటికే మన సభ్యులలో పలువురు ఆ అభ్యర్థిని తిట్టుచుండిరి. పోలింగుకు ముందటి ఆదివారము సంఘ భవనమున సమావేశము కూడినది. మనల నవమానించిన అభ్యర్థికి మన కులస్థులెవ్వరును ఓటు వేయరాదని తీర్మానము. వేయి ప్రతులు అచ్చువేయించి పంచుటకు ఒక దాత ముందుకు వచ్చెను. చదివి ముగింపగానే వెనుక వరుసనుండి స్వర్గస్థుడైన మా పూర్వపు కోశాధికారిగారి భార్య, “మాస్టారూ, ఆయన అన్నమాట మీరు విన్నారా?” అని యడిగెను. నేను వినలేదంటిని. ప్రక్కవారిని అడిగెను. ఒకరు నా వలన వినిరి, ఒకరు ఫోనులో వినిరి. విననివారే లేరు, అభ్యర్థి నోట విన్నవారు ఒక్కరును లేరు.

అప్పుడు సెల్‌ఫోనుల దుకాణమున పనిచేయు మన కుఱ్ఱవాడొకడు సంకోచించుచు లేచి, తన దుకాణపు యజమానికి అదే ఫోను వచ్చినదనియు, ఆయన వేఱు కులమువాడు గనుక ఆ కులపు అంకె నొక్కగా, ఆ అభ్యర్థి వారి పెద్దలను అవమానించినట్లు ప్రశ్న వినబడినదనియు చెప్పెను. కంఠమదియే. వాక్యమదియే. సభలో కొంతసేపు ఎవరును మాటలాడలేదు. దాతగారు మెల్లగా కండువా సవరించుకొనిరి. తీర్మానము ఓటింగునకు రాకుండగనే సమావేశము ముగిసినది.

మరునాడు నేను అరుగుమీది మిత్రుల నిద్దరిని వెదకి, నా మాట నిజము కాదని చెప్పితిని. ఒకరు తలయూపి, తా నెవరెవరికి చెప్పెనో వారికి ఫోను చేసి దిద్దుకొందుననిరి. రెండవవారు నవ్వి, “అయినను నిప్పులేనిదే పొగ వచ్చునా, మాస్టారూ?” అనిరి. నేనెంత చెప్పినను వినలేదు. ఆ అభ్యర్థి గెలుపోటములు ఇచట అప్రస్తుతము. తీర్మానపు చిత్తుప్రతి మాత్రము నా పెట్టెలోనే యున్నది. దానిని వ్రాసి యిచ్చినది నేనే. అందు “అవమానించినాడని తెలియవచ్చినందున” అను మాటలు రెండవ పంక్తిలో నున్నవి.