ఏనుగెక్కిన గొట్టం

సివిల్ చదివి సాఫ్ట్‌వేరులోకి దూకినవాళ్ళు మనలో బోలెడుమంది. నేనూ అందులో ఒకణ్ణి. సాయిల్ మెకానిక్స్ పరీక్ష పాసైన వారానికే ఆ పుస్తకాన్ని జూనియరుకి సగం ధరకి అమ్మేసి, ఇక దాంతో ఋణం తీరిపోయిందనుకున్నాను. తీరలేదు. చాలా ఏళ్ళ తరవాత ఒక పాత ఫోర్‌ట్రాన్ ప్రోగ్రాముని కొత్త భాషలోకి మార్చే పని నా నెత్తిన పడింది. భూమిలో పాతిన ఇనప గొట్టం మీద బరువు పడితే అది ఎంత అణుగుతుందో లెక్కగట్టే ప్రోగ్రాము. రోడ్డు కింద నీళ్ళు పోయే కల్వర్టు గొట్టాలన్నమాట. అందులో ఓ చోట 0.061 అని ఒక అంకె ఉంది. పేరు లేదు, కామెంటు లేదు. ఇలాంటి అంకెల్ని చూస్తే మనవాళ్ళకి ఒళ్ళు మండుతుంది కదా, నాకూ మండింది. అదెక్కణ్ణుంచి ఊడిపడిందో చూద్దామని తవ్వడం మొదలెడితే నూరేళ్ళ పైచిలుకు కథ బయటపడింది.

మన ఊళ్ళలో తూము అంటే రాతి బండలో, సిమెంటు హ్యూం పైపులో కళ్ళముందు మెదుల్తాయి. అమెరికాలో సంగతి వేరు. 1896లో ఇండియానా రాష్ట్రంలోని క్రాఫర్డ్స్‌విల్ అనే చిన్న ఊళ్ళో జేమ్స్ వాట్సన్, స్టాన్లీ సింప్సన్ అని ఇద్దరు కలిసి, రేకుల షెడ్డు మీద వేసే ముడతల రేకుంటుంది చూశారూ, అలాంటి రేకుని గుండ్రంగా చుట్టి కల్వర్టు గొట్టంగా పేటెంటు తీసుకున్నారు. చేత్తో నొక్కితే నొక్కుకుపోయేట్టుండే రేకు గొట్టం మీద రోడ్డెలా వేస్తారని జనం అడగరా మరి? అందుకని ఆ తొలిరోజుల్లో ఒక సర్కస్ ఏనుగుని తెచ్చి గొట్టం మీద నిలబెట్టారు. ఆ తరవాత గొట్టాన్ని కాస్త లోతులో పాతి, పైనుంచి నూర్పిడి యంత్రాన్ని నడిపించి చూశారు. ఆ రోజుల్లో పొలాల్లో తిరిగే బరువైన యంత్రమంటే అదే. గొట్టం తట్టుకుంది. ఎందుకు తట్టుకుందో మాత్రం ఎవరికీ తెలీదు. పనిచేస్తోంది, ముట్టుకోవద్దు అని మనం కోడు గురించి అనుకుంటామే, సరిగ్గా అదే స్థితి.

లెక్క మొదలైంది వేరే గొట్టాలతో. అయోవా రాష్ట్రంలో పొలాలు బురద నేలలు. నీళ్ళు బయటికి పోవడానికి రైతులు మట్టి గొట్టాలు పాతేవారు, అవి లోపలే పగిలేవి. అక్కడి కాలేజీలో ఇంజనీరింగు డీన్ ఆన్సన్ మార్‌స్టన్ దాని మీద కూర్చుని, ఆండర్సన్ అనే సహచరుడితో కలిసి 1913లో ఒక బులెటిన్ వేశాడు. కందకంలో పాతిన గొట్టం మీద పైనున్న మన్ను బరువంతా పడదు. కందకం గోడల రాపిడి కొంత మన్నుని పట్టి ఆపుతుంది. గాదె నిండా వడ్లు పోస్తే బరువంతా అడుగు మీదే పడదు, గోడలు కొంత మోస్తాయి కదా, అదే సూత్రం. ఆ గాదె లెక్కని యాన్‌సెన్ అనే జర్మన్ 1895లోనే కట్టాడు. మార్‌స్టన్ సూత్రంలో నాకు బాగా నచ్చిన ముక్క ఒకటుంది. లోతైన కందకంలో గొట్టం మీది బరువు కందకం వెడల్పు వర్గంతో పెరుగుతుంది. అంటే 2 అడుగుల కందకాన్ని, పని చెయ్యడానికి వీలుగా ఉంటుందని కూలీలు 3 అడుగులు తవ్వితే, బరువు రెట్టింపు దాటుతుంది. డ్రాయింగులో గొట్టం అదే, మన్ను అదే. మారిందల్లా పార ఆగిన చోటు.

మార్‌స్టన్ లెక్క గట్టి గొట్టాలకి సరిపోయింది. రేకు గొట్టం అలా కాదు, అది వంగుతుంది. 1920లలో ఇల్లినాయ్‌లోని ఫరీనా దగ్గర రైల్వేవాళ్ళు 35 అడుగుల మట్టికట్ట కింద గొట్టాలు పెట్టి కొలిచారు. మెత్తటి రేకు గొట్టం తన నెత్తిన నిలబడ్డ మన్ను బరువులో 60 శాతమే మోస్తోందని తేలింది. మిగతా 40 శాతం పక్కనున్న మన్ను మోస్తోంది. బలహీనంగా ఉండటమే దాని బలమన్నమాట. తను కాస్త కుంగి, బరువుని పక్కవాళ్ళ మీదికి నెట్టేస్తుంది. (మా టీములో కూడా ఇలాంటివాళ్ళున్నారు, అది వేరే కథ.)

ఈ పక్కవాడి పాత్రని సమీకరణంలోకి ఎక్కించినవాడు మార్‌స్టన్ శిష్యుడు మెర్లిన్ స్పాంగ్లర్. 1941లో ఆయన ఇచ్చినదే అయోవా ఫార్ములా. పైనుంచి బరువు పడితే గొట్టం కోడిగుడ్డులా అడ్డంగా సాగుతుంది. సాగితే దాని పక్కలు మన్నుని నెడతాయి, మన్ను తిరిగి నెడుతుంది. ఆ తిరిగి నెట్టేది రెండు పక్కలా 100 డిగ్రీల మేర పారాబోలా ఆకారంలో ఉంటుందనుకుని ఆయన లెక్క చేస్తే ఒక స్థిరాంకం వచ్చింది. అదే నా 0.061! ఆ అర్ధరాత్రి సంగతి ఇంట్లో ఎవరితో చెప్పినా అర్థం కాలేదనుకోండి.

ఫార్ములా రూపం చాలా సులువు. పైన బరువు. కింద రెండు ముక్కల మొత్తం: ఒకటి గొట్టం బిగువు, రెండోది మన్ను బిగువు. సరదాకి అంకెలు వేసి చూశాను. 4 అడుగుల వ్యాసం గొట్టం, మామూలు ముడతలు, రేకు మందం 1.6 మిల్లీమీటర్లు. పక్కన మన్ను ఓ మాదిరిగా దట్టించింది, దాని బిగువు చదరపు అంగుళానికి 1000 పౌన్లు. గొట్టం ముక్క విలువ సుమారు 55 వేలు, మన్ను ముక్క విలువ 8 లక్షల 43 వేలు వచ్చాయి. అంటే ఆ గొట్టం అణగకుండా ఆపుతున్నదాంట్లో ఇనుము వాటా 6 శాతం, మన్ను వాటా 94 శాతం. మనం డబ్బు పోసి కొన్నది ఆ 6 శాతాన్ని. మిగతా 94 దిమ్మిస పట్టుకున్న కూలీ చేతిలో ఉంది.

స్పాంగ్లర్ ఫార్ములాలో ఒక బగ్గు ఉంది. 17 ఏళ్ళు ఎవరూ పట్టుకోలేదు, చివరికి 1958లో ఆయన శిష్యుడే పట్టుకున్నాడు. పేరు రెనాల్డ్ వాట్కిన్స్. మన్ను తిరిగి నెట్టే గుణాన్ని స్పాంగ్లర్ మన్నుకి సొంతమైన స్థిరాంకంగా తీసుకున్నాడు. వాట్కిన్స్ దాని యూనిట్లు చూశాడు. మాడ్యులస్ అంటే ఒత్తిడి యూనిట్లలో ఉండాలి, ఇది ఒత్తిడి బై అంగుళం అని ఉంది. అలాంటప్పుడు అది ఒక్క మన్ను గుణం ఎలా అవుతుంది, గొట్టం సైజు మారితే అదీ మారాలి కదా! దాన్ని వ్యాసార్థంతో గుణిస్తే వచ్చేదే అసలు గుణమని, దానికి ఈ-ప్రైం అని పేరు పెట్టాడు. ఆ పేపరు మీద గురుశిష్యులిద్దరి పేర్లూ ఉన్నాయి. తన ఫార్ములాలో తప్పు చూపించిన పేపరు మీద సంతకం పెట్టిన గురువుగారికి ఒక దండం.

తరవాత 1977లో ఆమ్‌స్టర్ హోవర్డ్ ఏ మన్నుకి ఈ-ప్రైం ఎంత ఉంటుందో పట్టిక వేశాడు. శుభ్రమైన ఇసుక కంకరని ఊరికే గుమ్మరిస్తే 200, కాస్త దట్టిస్తే 1000, బాగా దట్టిస్తే 3000. మన్ను అదే, లారీ అదే, బిల్లు కూడా అదే. నా 4 అడుగుల గొట్టానికి 1000 బదులు 200 వేస్తే అణుగుడు 4 రెట్లయింది. గొట్టం 20 శాతం దాకా అణిగితే నెత్తి లోపలికి తిరగబడి కూలుతుందని పాత అనుభవం. అందుకే నాలుగో వంతు తీసుకుని 5 శాతం హద్దు పెట్టుకున్నారు. ఆ నాలుగు రెట్ల జాగ్రత్తంతా ఒక్క దిమ్మిస ఎగ్గొడితే హుష్‌కాకి.

1960లో వైట్, లేయర్ అనే ఇద్దరు ఇంకా సులువైన మాట చెప్పారు. మన్ను బాగా దట్టిస్తే గొట్టాన్ని ఒక ఉంగరంలా చూడొచ్చు. చుట్టూ ఒకేలా ఒత్తిడి, దాన్ని వ్యాసార్థంతో గుణిస్తే రేకులో నొక్కుడు బలం, అంతే. ఒక్క లైను కోడు. కానీ ఆ "చుట్టూ ఒకేలా" అన్న షరతు దగ్గరే బరువైన యంత్రాలు వచ్చి పడతాయి.

మన్ను బరువు లోతుతో పెరుగుతుంది. చక్రం బరువు లోతుతో తగ్గుతుంది, అదీ మామూలుగా కాదు, లోతు వర్గంతో. ఫ్రెంచివాడు బూసినెస్క్ 1885లో కట్టిన లెక్క ఇది. బరువు ఒక చుక్క మీద పడిందనుకుంటే 1 మీటరు లోతులో ఉండే ఒత్తిడికి 30 సెంటీమీటర్ల లోతులో 11 రెట్లుంటుంది. పైగా అది చుట్టూ ఒకేలా పడదు, నెత్తి మీద ఒక్కచోట బొటనవేలితో నొక్కినట్టు పడుతుంది. అప్పుడది ఉంగరం కాదు, నూనె డబ్బా. మూత తీసిన డబ్బా పక్కన బొటనవేలితో నొక్కి చూడండి, తెలుస్తుంది.

అందుకని నా ఉద్దేశంలో గొట్టానికి గండం రోడ్డు తెరిచి లారీలు తిరిగేటప్పుడు కాదు, అంతకు ముందు, రోడ్డు వేసేటప్పుడు. నెత్తిన మన్ను ఇంకా అడుగో అడుగున్నరో ఉంటుంది. అటు పక్కన మన్ను పొయ్యాలి, చుట్టూ తిరిగి రావాలంటే దూరం. డంపరు డ్రైవరు అడ్డంగా తోలేస్తాడు. అమెరికన్ పట్టికలు చూస్తే 4 అడుగుల గొట్టం మీద మామూలు రోడ్డు లారీలకి 1 అడుగు మన్ను చాలు. అదే ఇరుసు బరువు 50 టన్నులు దాటిన నిర్మాణ యంత్రానికి 4 అడుగులు కావాలి. రోడ్డు లారీ ఇరుసు 14.5 టన్నులు అనుకుని డిజైను చేసిన చోట ఇది. మణుగూరు, రామగుండం ఓపెన్‌కాస్టుల్లో డంపర్లు చూసినవాళ్ళకి సైజు సంగతి చెప్పనక్కర్లేదు. ఇక కాటర్‌పిల్లర్ 797ఎఫ్ లాంటి గని ట్రక్కు నిండా లోడుతో 620 టన్నుల పైమాటే. దానికి పట్టికలు సరిపోవు, విడిగా లెక్క కట్టాల్సిందే. మామూలు పనుల్లో మందు చవకే: యంత్రం దాటే చోట తాత్కాలికంగా మన్ను ఎత్తుగా పోసి, పనయ్యాక తీసెయ్యడం. చవకైన మందే గానీ, దాన్ని రాసేది డిజైనరు, పొయ్యాల్సింది వేరేవాడు.

ఇంకో చిక్కుంది. ఒక పక్కే మన్ను నింపేస్తే గొట్టం రెండో పక్కకి ఒరుగుతుంది. రెండు పక్కలా దట్టిస్తే నెత్తి పైకి లేస్తుంది. అంటే చివర్లో ఎలా ఉంటుందన్నదే కాదు, ఏ వరసలో చేరిందన్నదీ ముఖ్యమే. పాత ఫార్ములాల్లో వరస అనేదే లేదు. దాన్ని పట్టుకున్నది సాఫ్ట్‌వేరే. 1976లో అమెరికా హైవే శాఖ డబ్బుతో, కాలిఫోర్నియాలో నౌకాదళం వారి ప్రయోగశాలలో మైకేల్ కటోనా బృందం క్యాండీ అనే ప్రోగ్రాము రాసింది. ఫోర్‌ట్రానే. మన్నుని పొరలు పొరలుగా పోస్తూ, ఒక్కో పొరకీ గొట్టం ఎలా కదిలిందో ఫైనైట్ ఎలిమెంట్లతో లెక్కగడుతుంది. అయితే అది గొట్టాన్ని ఒక అడ్డకోతగా చూసే రెండు కొలతల లెక్క. చక్రమేమో మూడు కొలతల్లో నొక్కుతుంది. అందుకని చక్రం బరువుని ముందే సర్ది ఇవ్వాలి, ఆ సర్దేదాంట్లో మళ్ళీ ఇంజనీరు బుర్రే.

మన్ను పోతే ఏమవుతుందో 2007 జూన్ 8న ఆస్ట్రేలియాలో తెలిసింది. న్యూ సౌత్ వేల్స్‌లో సోమర్స్‌బీ దగ్గర పాత పసిఫిక్ హైవే కింద ఉన్న ముడతల ఇనప గొట్టాల కల్వర్టు, పెద్ద తుఫాను వానలో కూలింది. రోడ్డు తెగి వాగులో పడింది, దాంతోపాటు ఒక కారు. ఒకే కుటుంబానికి చెందిన 5 గురు పోయారు. అక్కడ భారీ యంత్రమేమీ లేదు. గొట్టం తుప్పు పట్టి చిల్లులు పడితే నీళ్ళు మన్నుని లోపలినుంచే కోసుకుపోతాయి. పైన తారు రోడ్డు మాత్రం నున్నగానే కనిపిస్తుంది. ఆ తుప్పు సంగతి ముందే తెలిసినా మరమ్మతు సాగదీశారని విచారణలో తేలింది. లెక్క ప్రకారం చూస్తే అక్కడ పోయింది 6 శాతం, దాని వెంట 94 శాతం కొట్టుకుపోయింది.

మళ్ళీ నా ప్రోగ్రాము దగ్గరికొస్తే, 0.061కి ఒక పేరు పెట్టి, పైన నాలుగు లైన్ల కామెంటు రాశాను, స్పాంగ్లర్ పేరుతో సహా. ఈ-ప్రైంకి పాత కోడులో డిఫాల్టు 1000 అని ఉండేది. ఏమీ ఇవ్వకపోయినా జవాబొచ్చేది, అదీ బాగున్న జవాబే. ఆ డిఫాల్టు తీసేశాను. ఇప్పుడు మన్ను రకం, ఎంత దట్టించారు, నిర్మాణంలో ఏ యంత్రం ఎంత మన్ను మీదుగా దాటుతుంది అని అడుగుతుంది, చెప్పేదాకా ముందుకి కదలదు. విసుగ్గా ఉందని రెండు ఫిర్యాదులొచ్చాయి. మా మేనేజరు డిఫాల్టు మళ్ళీ పెట్టమన్నాడు. ఆయనకి ఇదంతా చెప్పాను, ఏనుగు దగ్గర్నుంచీ. చివరికి మధ్యేమార్గంగా 200 పెట్టుకోమన్నాడు.